డిస్టెంట్ వరల్డ్స్ 2: ఏది ఆటోమేషన్‌కి వదలాలి, ఏది చేతిలో ఉంచుకోవాలి?

నక్షత్రకుడు (ప్రశ్న)

రెండూ అంతరిక్ష సామ్రాజ్యం నడిపే స్ట్రాటజీ గేములే: స్టెల్లారిస్ బాగా అలవాటున్న చెయ్యి, డిస్టెంట్ వరల్డ్స్ 2కి కొత్త. హ్యూమన్ రేస్, 500 నక్షత్రాల గెలాక్సీ, నార్మల్ కష్టం, నక్షత్రాల మధ్య వేగంగా తిప్పే హైపర్‌డ్రైవ్ ఇంజిన్ కూడా లేని దశ నుంచి మొదలు. ప్రస్తుతం 9 కాలనీలు, 4 ఫ్లీట్లు (ఓడల దళాలు) ఉన్నాయి.

అన్నీ ఆటోలో పెడితే ఖజానా నెమ్మదిగా మైనస్‌లోకి జారుతోంది, ఫ్లీట్లు ఎక్కడో దూరాన ఫ్యూయల్ అయిపోయి ఆగిపోతున్నాయి. అన్నీ మాన్యువల్‌లో పెడితే పది సెకన్లకోసారి పాజ్ నొక్కాల్సి వస్తోంది. పోనీ మధ్యేమార్గంగా అన్నిటికీ "సలహా ఇవ్వు" పెడితే, సలహాదారుల మెసేజ్‌లు పక్కన కుప్ప పడి, చదవకుండానే ఓకే కొట్టే పరిస్థితి. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

అడిగేది మూడు ముక్కలు. ఏ పనులు ఆటోకి వదిలేస్తే నష్టం లేదు? ఏవి కచ్చితంగా చేతిలో ఉండాలి? ఫ్లీట్లు ఫ్యూయల్ లేక ఆగిపోవడానికి ఆటోమేషనే కారణమా, వేరే ఏమైనా ఉందా? "నీకు ఎలా సరదాగా ఉంటే అలా ఆడు" అనే జవాబు వద్దండి, అది ఇప్పటికే చాలాచోట్ల దొరికింది.

---

గోదారిగట్టు

ముందు ఒక విషయం తేల్చుకుంటే సగం తికమక పోతుంది. స్టెల్లారిస్‌లో తవ్విన ప్రతి మినరల్ నేరుగా మీ ఖాతాలో పడుతుంది. ఇక్కడ అలా కాదు. సరుకు ఓడలు, ప్రయాణికుల ఓడలు, ప్రైవేటు మైనింగ్ ఓడలు మీ మాట ఎప్పటికీ వినవు. వాటికి ఆటో, మాన్యువల్ అనే ప్రశ్నే లేదు. మీ కన్‌స్ట్రక్షన్ షిప్ మైనింగ్ స్టేషన్ కడుతుంది. అక్కడి సరుకును మోసేదీ అమ్మేదీ ప్రైవేటు రంగం. మీకొచ్చేది కాలనీల పన్ను. దానికి తోడు, ప్రైవేటు వాళ్ళు మీ స్పేస్‌పోర్టులో కొత్త ఓడలు కట్టించుకున్నప్పుడు, ఫ్యూయల్ కొన్నప్పుడు పడే డబ్బు. మార్కెట్ యార్డులో సెస్సు వసూలు లాంటిది అనుకోండి. పంట మనది కాదు, గేటు మనది.

ఈ రెండో రాబడిని గేమ్ "బోనస్ ఇన్‌కమ్" అని వేరుగా చూపిస్తుంది. అది నెలనెలా ఒకేలా రాదు. ప్రైవేటు వాళ్ళు కొత్త డిజైన్‌కి మారే రోజుల్లో వెల్లువలా వచ్చి, తర్వాత ఎండిపోతుంది. అందువల్ల పైన కనిపించే నగదు ప్రవాహం కొంచెం మైనస్‌లో ఉన్నంత మాత్రాన గాభరా అక్కర్లేదు. బోనస్‌ని కలిపి లెక్క చూడండి. అది కలిపినా నాలుగైదు నెలలుగా నిల్వ తగ్గుతూనే ఉంటే మాత్రం నిజంగానే ఎక్కడో కారుతోందన్నమాట.

ఇక అసలు ప్రశ్న. ఏ పనిని వదలాలి అన్నదానికి నా కొలత ఒకటే: ఆ పనిలో తప్పు జరిగితే దిద్దుకోవడానికి ఎంత ఖర్చవుతుంది? ఎక్స్‌ప్లొరేషన్ షిప్ తప్పు సిస్టమ్‌కి పోతే పోయేది కొంత సమయం, మహా అయితే ఒక ఓడ. అదే పరస్పర రక్షణ ఒప్పందం తప్పు సామ్రాజ్యంతో కుదిరిందో, వాళ్ళ యుద్ధం మీ నెత్తిన పడుతుంది. మొదటిది వదిలెయ్యాలి, రెండోది ఎప్పటికీ వదలకూడదు.

ఆ లెక్కన పూర్తి ఆటోకి నేను వదిలేవి: అన్వేషణ, పన్ను రేట్లు, క్యారెక్టర్లను (గవర్నర్లు, సేనాధిపతుల లాంటివాళ్ళని) ఎక్కడ ఉంచాలన్నది, ఫ్లీట్లలో చేరని చిన్న ఓడల గస్తీ, ప్రైవేటు ఓడల డిజైన్లు.

పన్ను గురించి ఒక మాట. చిన్న కాలనీల మీద పన్ను వేస్తే వచ్చేది చిల్లర, పోయేది జనాభా పెరుగుదల. రాజధాని మీద ఒక్క శాతం తేడా, కొత్త కాలనీలన్నిటి పన్నుకీ సమానం అవుతుంది చాలాసార్లు. ఆటో పన్ను ఈ తేడా గమనించే పనిచేస్తుంది. 9 కాలనీలప్పుడు చేత్తో చేసుకోవచ్చు, 40 అయ్యాక ఎవరికీ ఓపిక ఉండదు. అలవాటు ఇప్పుడే చేసుకోవడం మేలు.

చేతిలో ఉంచుకునేవి: పరిశోధన వరుస, యుద్ధం, సంధి, ఒప్పందాలు, దాడి ఫ్లీట్లు, యుద్ధనౌకల డిజైన్, కాలనీ ఎక్కడ పెట్టాలన్నది. పరిశోధన ఎందుకంటే, ఆటో అన్ని శాఖల్లోనూ తలా కాస్త చేసుకుంటూ పోతుంది. హైపర్‌డ్రైవ్ ఒక మెట్టు ముందు వస్తే సరుకు రవాణా, సైన్యం, వలస మూడూ ఒకేసారి వేగం అందుకుంటాయి. మొదటి గంటలో ఆ ఒక్క శాఖని ముందుకు లాగి, ఆపైన రియాక్టర్, స్పేస్‌పోర్టు, మొదటి కాలనైజేషన్ టెక్నాలజీలు వరుసలో పెట్టండి. వరుసలో ఎప్పుడూ 6 నుంచి 8 ప్రాజెక్టులుంటే మళ్ళీ ఆ స్క్రీన్ మొహం చూసేది అరగంట తర్వాతే.

కన్‌స్ట్రక్షన్ షిప్‌లు మాత్రం రెండు రకాలుగా పెట్టాలి. మీ పరిమాణానికి 5 ఉంటే సరిపోతాయి. నాలుగింటిని ఆటోలో వదిలి, ఒకటి చేతిలో పెట్టుకోండి. ఆటోలో ఉన్నవి గిరాకీని చూసి మైనింగ్ స్టేషన్లు కట్టుకుంటూ పోతాయి, ఆ పని బాగానే చేస్తాయి. చేతిలో ఉన్న ఒక్కటీ మూడు పనులకే: ఫ్యూయల్ స్టేషన్లు, పరిశోధనా స్టేషన్లకి పనికొచ్చే అరుదైన చోట్లు, ఎక్స్‌ప్లొరర్లకి దొరికే పాడుబడ్డ ఓడల మరమ్మతు. ఆ పాడుబడ్డ ఓడల్లో మీ కాలానికి మించిన ఆయుధాలుంటాయి. వాటి దగ్గర కాపలా ఉన్న రాక్షస ప్రాణుల్ని చూడకుండా కన్‌స్ట్రక్షన్ షిప్‌ని పంపితే తిరిగి రాదు. ముందు ఫ్లీట్, వెనక మరమ్మతు.

---

పాజ్‌బటన్

గోదారిగట్టు గారు చెప్పిన "తప్పు ఖర్చు" కొలతలో ఇంకో సగం మిగిలిపోయింది: ఆ నిర్ణయం ఎంత తరచుగా వస్తుంది?

సలహాల కుప్ప పడటానికి కారణం అదే. తరచుగా వచ్చే చిల్లర పనికి "సలహా" పెట్టడం అన్నిటికంటే చెత్త ఎంపిక. ఆటోలో పెడితే మీ సమయం మిగిలేది. మాన్యువల్‌లో పెడితే కనీసం మీరు ఆలోచించేవారు. సలహాలో రెండూ లేవు, కేవలం ముద్ర వేసే ఉద్యోగం. అరుదుగా వచ్చి, ఖర్చు ఎక్కువ ఉన్నవాటికి మాత్రమే సలహా సరైనది. కొత్త కాలనీ, పెద్ద కాలనీ కట్టడాలు, ఒప్పందాలు, గూఢచారి మిషన్లు, పైరేట్లకి రక్షణ సొమ్ము. ఇంతే. ఓడల కొనుగోలుకి సలహా పెట్టారా, ఇప్పుడే తీసెయ్యండి. సగం కుప్ప అదే అయి ఉంటుంది.

సెట్టింగ్స్‌లో ఏ మెసేజ్ కనపడాలి, ఏది వద్దు అన్నది విడిగా ఎంచుకోవచ్చు. ఎక్స్‌ప్లొరర్ ఏదో సిస్టమ్ చూసొచ్చిందన్న కబురు అక్కర్లేదు. మైనింగ్ స్టేషన్ మీద దాడి, స్పేస్‌పోర్టు మీద దాడి, ఫ్లీట్‌కి ఫ్యూయల్ తక్కువ, యుద్ధ ప్రకటన: ఇవి తప్ప మిగతావి మూసేసినా కొంప మునగదు.

కాలనీ సలహాలు ఎక్కువ వస్తుంటే, లోపం పాలసీ స్క్రీన్‌లో ఉంది. అక్కడ కనీస సూటబిలిటీ (గ్రహం మన జనానికి ఎంత అనువో చెప్పే అంకె) హద్దు పెట్టుకోవచ్చు. మొదట్లో దాన్ని 20 దగ్గర ఉంచండి. సూటబిలిటీ సున్నా చుట్టూ ఉండే గ్రహం మీద జనం పెరగరు, పోషణ ఖర్చు మాత్రం మీద పడుతుంది. టెక్నాలజీ పెరిగేకొద్దీ అవే గ్రహాల అంకె పైకి వస్తుంది, అప్పుడు వాటంతటవే సలహాల్లోకి వస్తాయి. అరుదైన లగ్జరీ సరుకున్న గ్రహమైతే తక్కువ సూటబిలిటీ ఉన్నా పనికొస్తుంది, అది మాత్రం చేత్తో ఎంచుకోవాలి.

ఈ గేమ్‌లో ఆటోమేషన్ అంటే గుమాస్తా. పాలసీ స్క్రీన్ వాడికి మీరు రాసిచ్చిన ఉత్తరువు. ఉత్తరువు రాయకుండా గుమాస్తాని తిడుతుంటారు చాలామంది. ఆటో, మాన్యువల్ మీటల కంటే ఆ స్క్రీన్‌లోని అంకెలకే విలువ ఎక్కువ. మీ ఖజానా కారడానికి నా అనుమానం సైనికుల మీద. పాలసీలో ప్రతి కాలనీకీ ఎంత గారిసన్ (కాపలా సైన్యం) ఉండాలన్నది ఉంటుంది. డీఫాల్ట్‌లో వదిలేస్తే పొరుగున శత్రువు లేని లోపలి కాలనీల్లో కూడా సైన్యాన్ని నింపుతుంది. ప్రతి దళానికీ నిర్వహణ ఖర్చు. లోపలి కాలనీలకి తగ్గించి, సరిహద్దు కాలనీలకి చేత్తో పెంచండి.

ఒక్క చోట మాత్రం గోదారిగట్టు గారితో ఒప్పుకోను. తొమ్మిది కాలనీల దశలో ఉన్న కొత్తవాళ్ళని యుద్ధనౌకల డిజైన్ చేత్తో చెయ్యమనడం తొందరపాటు. ఆటో డిజైన్ గొప్పగా ఉండదు, కానీ నడుస్తుంది. కొత్త చేతి డిజైన్ చాలాసార్లు నడవను కూడా నడవదు.

---

కాస్లాన్‌కుండ

మూడో ప్రశ్నకి వస్తాను, మిగతావి పైవాళ్ళు చూసుకున్నారు.

ఫ్యూయల్ లేక ఆగిపోవడానికి ఆటోమేషన్ సగం కారణం మాత్రమే. ఎక్కువసార్లు అసలు ఫ్యూయలే లేదు. ఉన్నా తప్పు చోట ఉంది. ఈ వరుసలో చూడండి.

మొదట ఓడ డిజైన్ తెరిచి రియాక్టర్ మీద మౌస్ పెట్టండి. గేమ్‌లోని రెండు ఫ్యూయల్స్‌లో అది కాస్లాన్ తింటుందా, హైడ్రోజన్ తింటుందా అన్నది అక్కడే ఉంటుంది. తర్వాత ఎక్స్‌పాన్షన్ ప్లానర్ అనే స్క్రీన్‌లో ఆ ఫ్యూయల్ వరుస వెతికి, నిల్వ ఎంత, గిరాకీ ఎంత చూడండి. గిరాకీ నిల్వని మించి ఉంటే ఇంకేం వెతకక్కర్లేదు, రోగం దొరికింది. ఆ గిరాకీలో మీ ఫ్లీట్ల వాటాయే కాదు, ప్రైవేటు సరుకు ఓడలన్నీ అదే కుండలో చెయ్యి పెడతాయి. మీ కాలనీలు 5 నుంచి 9 అయ్యేలోపు సరుకు ఓడలు రెట్టింపు దాటి ఉంటాయి.

నిల్వ బాగానే ఉంటే, అది ఎక్కడుందో చూడండి. రాజధాని స్పేస్‌పోర్టులో గుట్టలుగా ఉండి సరిహద్దులో చుక్క లేకపోతే ఫ్లీట్‌కి లాభం లేదు. రెండు ఫ్యూయల్స్‌కీ మూలం గ్యాస్ జెయింట్లు (భారీ వాయు గ్రహాలు), వాయు మేఘాలు. ఒకే గ్రహం మీద కొన్నిసార్లు రెండూ దొరుకుతాయి, శాతాలు వేరు. ఆ శాతం చాలా ముఖ్యం. 70 శాతం ఉన్న ఒక్క గ్యాస్ జెయింట్, 20 శాతం ఉన్న మూడింటి కంటే మేలు. తవ్వేదీ ఎక్కువ, కాపాడాల్సిన స్టేషన్లూ తక్కువ. గోదారిగట్టు గారు ఫ్యూయల్ స్టేషన్లని చేతిలోని కన్‌స్ట్రక్షన్ షిప్‌కి ఇవ్వమన్నది ఇందుకే. ఆటో గిరాకీని చూస్తుంది కానీ, రేపు మీరు ఏ వైపు యుద్ధానికి వెళ్తారో దానికి తెలీదు. యుద్ధం చెయ్యబోయే దిక్కున ముందే రెండు ఫ్యూయల్ స్టేషన్లు కట్టి, అవి నిండేదాకా ఆగాలి.

ఇంకో ఉచ్చు రియాక్టర్ మార్చినప్పుడు. కొత్త రియాక్టర్ వేరే ఫ్యూయల్ తినే రకం అయితే, రిట్రోఫిట్ అయిన (కొత్త డిజైన్‌కి మారిన) ఓడలన్నీ ఒక్కసారిగా రెండో ఫ్యూయల్ మీద పడతాయి. దానికి స్టేషన్లు అప్పటిదాకా ఎవరికీ అవసరం లేక కట్టి ఉండరు. ఆ టెక్నాలజీ పూర్తవడానికి ముందే రెండో ఫ్యూయల్ స్టేషన్లు మూడు నాలుగు లేపి ఉంచండి. ఆటో రిట్రోఫిట్ పెట్టి ఉంటే ఇది ఇంకా ప్రమాదం, మీరు చూసేలోపే సగం సైన్యం మారిపోయి ఉంటుంది.

చివరగా డాకింగ్ బేలు, అంటే స్టేషన్‌కి ఓడలు వచ్చి కట్టుకునే చోట్లు. ఎవరూ చూడరు వీటిని. 12 ఓడల ఫ్లీట్ ఒక చిన్న మైనింగ్ స్టేషన్ దగ్గర ఫ్యూయల్‌కి ఆగితే, ఖాళీ బేలు రెండో మూడో ఉంటే, మిగతావి వరుసలో నిలబడతాయి. సంక్రాంతి ముందు రోజు హైవే మీద పెట్రోల్ బంక్ గుర్తు తెచ్చుకోండి. పైగా ఆ స్టేషన్‌లో నిల్వ మొదటి ఐదు ఓడలకే అయిపోతే, మిగిలినవి ఖాళీ ట్యాంకులతో అక్కడే. పెద్ద ఫ్లీట్ ఫ్యూయల్ కోసం స్పేస్‌పోర్టుకే రావాలి, లేదా ఫ్యూయల్ ట్యాంకర్లు వెంట ఉండాలి. 10 నుంచి 12 ఓడలకి 2 ట్యాంకర్లు.

ఇప్పుడు ఆటోమేషన్ వాటా. ఫ్లీట్ వివరాల్లో ఎంగేజ్‌మెంట్ రేంజ్ ఉంటుంది, ఎంత దూరంలోని శత్రువుని వెంటాడొచ్చో అది చెబుతుంది. అది పెద్దగా ఉంటే, పైరేట్ ఒకడు కనపడ్డాడని ఫ్లీట్ అరట్యాంకు ఖాళీ చేసుకుని పరిగెత్తుతుంది, అక్కడికి చేరేసరికి వాడు ఉండడు. రక్షణ ఫ్లీట్లకి సొంత సిస్టమ్, పక్క సిస్టమ్‌లు వరకే హద్దు పెట్టండి. హోమ్ బేస్‌ని ఫ్యూయల్ పుష్కలంగా ఉన్న స్పేస్‌పోర్టుగా మార్చండి. ఫ్లీట్లని గేమే తయారుచేసి ఉంటే, హోమ్ బేస్ ఎక్కడుందో ఒక్కసారి చూడండి. చాలాసార్లు నాలుగింటికీ రాజధానే ఉంటుంది.

---

నక్షత్రకుడు

అందరికీ ధన్యవాదాలు. చెప్పిన వరుసలో చూసిన అంకెలు ఇవి. కాస్లాన్ స్టేషన్లు 3, అందులో రెండు 25 శాతం లోపు. గిరాకీ నిల్వకి దాదాపు రెట్టింపు. నాలుగు ఫ్లీట్ల హోమ్ బేస్ రాజధానే. లోపలి కాలనీలు ఆరింట్లోనూ సైన్యం నిండుగా ఉంది. లోపలి గారిసన్ తగ్గించాను, హోమ్ బేస్‌లు మార్చాను, రెండు కొత్త స్టేషన్లకి ఓడ వెళ్తోంది.

రెండు సందేహాలు మిగిలాయి. ఒకటి, నాలుగు ఫ్లీట్లలో ఎన్నిటిని ఆటోలో ఉంచాలి? రెండు, డిజైన్ మీద మీ ఇద్దరి వాదన. "నడవను కూడా నడవదు" అంటే ఏమిటి? ఫ్రిగేట్‌లో (చిన్న యుద్ధనౌకలో) ఖాళీగా ఉన్న ఆయుధ బేలు, అంటే ఆయుధాలు బిగించే చోట్లు, అన్నీ నింపితే తప్పేంటి?

---

గోదారిగట్టు

తప్పు అక్కడే మొదలవుతుంది. హల్‌లో (ఓడ చట్రంలో) బే ఉంది కదా అని నింపేస్తే రియాక్టర్ మొయ్యాలి కదా.

ఉదాహరణకి అంకెలు వేసుకుందాం, మీ స్క్రీన్‌లో అంకెలు వేరే ఉంటాయి. రియాక్టర్ సెకనుకి 100 యూనిట్లు ఇస్తుంది. ఆయుధాలన్నీ కాలుస్తుంటే 70 కావాలి. షీల్డ్ తిరిగి నిండటానికి 20. ఇంజిన్ మామూలు వేగంలో 20, పూర్తి వేగంలో 45. మామూలు వేగంలోనే 110 అయింది, పూర్తి వేగంలో 135. రియాక్టర్‌లో 300 యూనిట్ల నిల్వ ఉందనుకుంటే, సెకనుకి 35 లోటు చొప్పున ఎనిమిదిన్నర సెకన్లు గడుస్తాయి. ఆ తర్వాత ఆయుధాలు ఆగి ఆగి కాలుస్తాయి, షీల్డ్ నిండదు, ఓడ వేగం పడిపోతుంది. డిజైన్ స్క్రీన్‌లో ఆయుధ బలం అంకె చూసి మురిసిపోయిన ఓడ యుద్ధంలో చేతులెత్తేసేది ఇలాగే. ఒక ఆయుధం తీసేసి మామూలు వేగం ఖర్చుని 90కి దించండి, లేదా రెండో రియాక్టర్ పెట్టండి. రెండో రియాక్టర్ పెడితే ఫ్యూయల్ ఖర్చు, నిర్వహణ ఖర్చు రెండూ పెరుగుతాయి, దాన్ని మర్చిపోవద్దు.

హైపర్‌డ్రైవ్‌కి కూడా విడిగా శక్తి కావాలి. రియాక్టర్ దానికి సరిపోకపోతే ఓడ తన పూర్తి హైపర్ వేగాన్ని అందుకోదు. ఫ్లీట్ అంతా అందరికంటే నెమ్మదైన ఓడ వేగంతోనే నడుస్తుంది కాబట్టి, ఒక్క చెత్త డిజైన్ పన్నెండు ఓడల్నీ ఆలస్యం చేస్తుంది. ఒకే ఫ్లీట్‌లో పాత, కొత్త డిజైన్లు కలిసి ఉన్నప్పుడు ఇది తరచుగా జరుగుతుంది.

ఎనర్జీ కలెక్టర్ అనే చిన్న భాగం ఉంటుంది. ఓడ నిలబడి ఉన్నప్పుడు సెన్సర్లు, సిబ్బంది గదులు లాంటివి తినే స్థిర శక్తిని నక్షత్ర కాంతి నుంచి ఇస్తుంది. కలెక్టర్ ఇచ్చేది ఆ స్థిర ఖర్చుకి సమానంగానో, కాస్త ఎక్కువగానో ఉండాలి. లేకపోతే ఓడ ఊరికే నిలబడి కూడా ఫ్యూయల్ తాగుతుంది. కాపలా ఫ్లీట్లు ఎక్కడికీ కదలకుండానే ట్యాంకు ఖాళీ అవుతోందంటే మొదటి అనుమానం దీని మీదే.

పాజ్‌బటన్ మాటలో న్యాయం ఉంది, ఒప్పుకుంటాను. అన్ని రకాలూ చేత్తో చెయ్యమనను. ఆటో డిజైన్ చేసిన ఫ్రిగేట్‌ని కాపీ చేసి, ఆ కాపీలో ఒకటి రెండు మార్పులు చెయ్యండి: ఒక ఆయుధం తగ్గించి ఫ్యూయల్ ట్యాంకు ఒకటి అదనంగా. మీ ఇప్పటి సమస్యకి అదే సగం మందు. ఆ డిజైన్‌ని గేమ్ తనంతట తాను మార్చకుండా ఆటో అప్‌గ్రేడ్ తీసెయ్యండి. మిగతావన్నీ ఆటోలోనే ఉండనివ్వండి.

---

పాజ్‌బటన్

ఆ చివరి వాక్యానికి ఒక తోక. ఆటో అప్‌గ్రేడ్ తీసేసిన డిజైన్‌ని మీరే గుర్తుపెట్టుకుని మార్చాలి. మర్చిపోతే కొత్త టెక్నాలజీలు వచ్చినా గేమ్ పాత ఓడలే కడుతూ ఉంటుంది, అడిగేవాడు ఉండడు. రియాక్టర్, షీల్డ్, ప్రధాన ఆయుధం: ఈ మూడింటిలో ఏదైనా కొత్తది వచ్చినప్పుడు మాత్రమే డిజైన్ తెరవండి. ప్రతి చిన్న మెరుగుకీ రిట్రోఫిట్ చేస్తే ఓడలు యుద్ధంలో కంటే స్పేస్‌పోర్టులోనే ఎక్కువ కాలం ఉంటాయి, డబ్బు అదనం.

---

కాస్లాన్‌కుండ

నాలుగు ఫ్లీట్ల ప్రశ్న. రెండు రక్షణ పాత్రలో, ఆటోలో. ఒకటి రాజధాని వైపు, రెండోది ఎక్కువ మైనింగ్ స్టేషన్లున్న వైపు. 5, 6 చిన్న ఓడలు చాలు. పైరేట్లు కొట్టేది స్టేషన్లనే, కాబట్టి రెండో ఫ్లీట్‌కి పని ఎక్కువ. మూడోది దాడి ఫ్లీట్, 10 ఓడలు ప్లస్ ట్యాంకర్లు, పూర్తిగా మీ చేతిలో. దీన్ని ఆటోలో పెడితే, లక్ష్యం మధ్యలో మార్చుకుని, ముట్టడి సగంలో వదిలి, ఇంకో చోటికి పోతుంది. నాలుగోది దళాల రవాణా ఓడలు. దాన్ని దాడి ఫ్లీట్‌తో కలపకండి. కలిపితే తుపాకీ గుండ్ల మధ్యలోకి అవి కూడా వెళ్తాయి, ఓడతో పాటు లోపల ఉన్న దళాలూ పోతాయి. ముందు దాడి ఫ్లీట్ గ్రహం చుట్టూ రక్షణని తుడిచిపెట్టాలి, పక్క సిస్టమ్‌లో ఆగి ఉన్న రవాణా ఫ్లీట్‌ని ఆ తర్వాత పిలవాలి.

దించే ముందు గ్రహం మీద శత్రు దళాల బలం చూసి, కనీసం ఒకటిన్నర రెట్లు తీసుకెళ్ళండి. తెలియకపోతే ఆగండి. విడతలు విడతలుగా దించితే ప్రతి విడతా విడిగా ఓడిపోతుంది.

---

నక్షత్రకుడు

అర్థమైంది. గూఢచారుల సంగతి ఎవరూ విడిగా చెప్పలేదు. సలహాలో పెట్టమన్నారు, ఏ సలహా ఒప్పుకోవాలి?

---

పాజ్‌బటన్

సలహాతో పాటు విజయావకాశం శాతం వస్తుంది. 60 కంటే తక్కువైతే వద్దు అనండి. శాతం ఎంతున్నా, మీకు వాణిజ్య ఒప్పందం ఉన్నవాళ్ళ మీద వద్దే వద్దు. దొరికిపోతే సంబంధాలు చెడతాయి, దాని వెనకే ఒప్పందమూ పోతుంది. దొంగిలించిన టెక్నాలజీ విలువ దానికి సరిపోదు. ఇద్దరు గూఢచారులుంటే ఒకణ్ణి ఎప్పుడూ ప్రతిగూఢచర్యంలో ఉంచండి, వాణ్ణి ఆటోలో వదలకండి. ఆటో వాణ్ణి కూడా మిషన్‌కి పంపేస్తుంది, మీ పరిశోధన దొంగిలించడానికి వచ్చేవాడికి అడ్డం ఉండదు.

ఆటోమేషన్ మార్చినప్పుడల్లా ముందు వేరే పేరుతో సేవ్ చేసుకోండి. ఒకేసారి ఒక్క మీటే మార్చి, గేమ్ కాలంలో కనీసం ఆరు నెలలు నడవనివ్వండి. మీరు ఇవాళ గారిసన్, హోమ్ బేస్, స్టేషన్లు మూడూ ఒకేసారి మార్చారు. ఖజానా బాగుపడితే దేనివల్ల బాగుపడిందో చెప్పలేరు.

---

నక్షత్రకుడు

మార్చేశాను, నిజమే. గారిసన్ మార్పు మాత్రమే ఉన్న సేవ్ ఒకటి ఉంది, దాని నుంచి నడుపుతాను.